పర్యవేక్షకులకూ అర్హత పత్రం ఉండాలి

2016 అక్టోబరు 11న పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి విడిపోయి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కొత్త జిల్లాలయ్యాయి. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్లో ఆటిజాన్ని చేర్చింది. ఆటిజాన్ని కొలిచే భారతీయ ప్రమాణం ‘ఇసా’ సికింద్రాబాదులోని మేధో వైకల్యాల జాతీయ సంస్థలోనే రూపొందింది. అందులో 40 అంశాలు ఉంటాయి. స్కోరు 70కి చేరితే ఆటిజం ఉన్నట్టు లెక్క. అంటే గుర్తించడానికి కొలమానం ఉంది, హక్కుకు చట్టం ఉంది. ఆ తర్వాత రోజూ పిల్లవాడికి శిక్షణ ఇచ్చేవారి పని సరిగా సాగుతోందో లేదో చూసేదెవరు?

ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణ చెబుతుంది. నోటుపుస్తకం ముందు పెట్టగానే ఒక బాబు తల బల్లకేసి కొట్టుకుంటున్నాడనుకుందాం. టీచరు కంగారుపడి పుస్తకం తీసేస్తారు, బాబు ఊరుకుంటాడు. మర్నాడు ఇంకా గట్టిగా కొట్టుకుంటాడు. తల కొట్టుకుంటే పని తప్పుతుందని తెలియకుండానే మనం నేర్పాం. శిక్షణ పొందిన పర్యవేక్షకురాలు ముందుగా చెవిపోటో పంటినొప్పో ఉందేమో డాక్టరుకు చూపించమంటారు. ఆపైన మూడు గడుల పట్టిక రాయిస్తారు: ముందు ఏం జరిగింది, బాబు ఏం చేశాడు, తర్వాత ఏమైంది. కారణం తేలాక, పేజీకి బదులు రెండే పంక్తులు రాయిస్తారు. విసుగొస్తే ‘చాలు’ అనే కార్డు చేతికివ్వడం నేర్పిస్తారు. బాబు ఎన్నిసార్లు తల కొట్టుకున్నాడో రోజూ గీసే గ్రాఫు కిందికి దిగకపోతే తప్పు బాబుది కాదు, శిక్షణ పథకానిది. దాన్ని మార్చాల్సిందే.

ఇంతటి విచక్షణ కొద్దిరోజుల వర్క్‌షాపుతో రాదు. అందుకే 1998లో అమెరికాలో ఏర్పడిన ధ్రువీకరణ బోర్డు, ఇలా ప్రవర్తనకు కారణం తేల్చి పథకం రాసే ప్రవర్తనా విశ్లేషకులకు మాస్టర్స్ డిగ్రీ, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పని, రాతపరీక్ష, నైతిక నియమావళి తప్పనిసరి చేసింది. వారి కింద పనిచేసే టెక్నీషియన్ల పనిగంటల్లో నెలకు కనీసం 5 శాతమైనా పర్యవేక్షణలో సాగాలన్నది మరో నియమం. 1960లలో ఇదే ప్రవర్తనా విశ్లేషణ పేరిట పిల్లలపై చెంపదెబ్బలు, విద్యుత్ షాకులు కూడా ప్రయోగించారు. ఆ చరిత్ర తెలిసినవారెవరూ నైతిక నియమాలను లాంఛనమనుకోరు.

అయితే 2023 నుంచి ఆ బోర్డు కొత్త దరఖాస్తులను అమెరికా, కెనడా వంటి కొద్ది దేశాల నివాసులకే పరిమితం చేసింది. ఇతర అంతర్జాతీయ ధ్రువపత్రాలు ఉన్నా, మన దేశంలో వాటికి చట్టబద్ధత లేదు. ఇక్కడ పునరావాస వృత్తుల నమోదును 1992 చట్టం కింద ఉన్న భారత పునరావాస మండలి చూస్తుంది. ప్రత్యేక ఉపాధ్యాయులు, క్లినికల్ సైకాలజిస్టులు అందులో నమోదు కావాలి. మండలి గుర్తించిన వృత్తుల్లో ప్రవర్తనా విశ్లేషకులు మాత్రం విడిగా లేరు.

ఈ లోటు నగరంకన్నా గద్వాల, వనపర్తి వంటి జిల్లాలకే ఎక్కువ బరువు. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల్లోని ప్రత్యేక ఉపాధ్యాయులు ఎన్నో రకాల వైకల్యాలున్న పిల్లలను ఒకేచోట చూసుకుంటారు. వాళ్ల పక్కన కూర్చుని పట్టిక చదివి, పథకం సరిదిద్దే మనిషి కావాలి. ఆ మనిషి పాలమూరు తెలుగులో తల్లికి అర్థమయ్యేలా చెప్పగలగాలి. పునరావాస మండలి పర్యవేక్షక అర్హతను నిర్వచించి, సికింద్రాబాదు సంస్థ శిక్షణ బాధ్యత తీసుకుంటే, అనుభవమున్న ఈ ఉపాధ్యాయుల నుంచే పర్యవేక్షకులు తయారవుతారు.

అంతవరకు తల్లిదండ్రులు ఏ కేంద్రానికి వెళ్లినా మూడు సంగతులు అడగాలి: మండలి నమోదు సంఖ్య ఎంత? పథకం రాసిందెవరు? దాన్ని చివరిసారి ఎప్పుడు సమీక్షించారు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడం కేంద్రం బాధ్యత.