కేబుల్ కోస్తే కుదురుతుందా?

మేడమీద యాంటెన్నా... గదిలో రేడియో... మధ్యలో ఓ కేబుల్. చూడ్డానికి ఇంతే! కానీ మీటరు ముల్లు ‘కుదర్లేదు’ అని మొరాయిస్తే చాలామంది హామ్‌లకు మొదట గుర్తొచ్చేది కత్తెర. కేబుల్ కాస్త కోస్తే దారికొస్తుందని ఆశ. నిజంగా వస్తుందా?

2004 డిసెంబరు 26. సునామీ దెబ్బకు అండమాన్ దీవుల్లో ఫోన్లు మూగబోయాయి. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున అప్పటికే పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ బృందం, తమ హామ్ రేడియోతోనే అక్కడి కబుర్లు బయటి ప్రపంచానికి చేరవేసింది. అభిరుచి కొద్దీ పట్టుకెళ్లిన రేడియో ఆపద్బంధువైంది.

మామూలుగా హామ్‌ల దగ్గరుండే సెట్టు శక్తి వంద వాట్లు. అంటే ఓ పాతకాలపు బల్బుకు సరిపడా కరెంటు! దాంతోనే సముద్రాలు దాటి మాట్లాడాలి. కాబట్టి గదిలో పుట్టిన ప్రతి వాటూ మేడమీదికి చేరాల్సిందే.

తాడు చెప్పే పాఠం
రేడియో తరంగానికి దారిలో ఎదురయ్యే అడ్డును ఇంపెడెన్స్ అంటారు. కొలత ఓమ్‌లలో. హామ్ సెట్టూ, దాని కేబులూ సాధారణంగా 50 ఓమ్‌లకు తయారవుతాయి. యాంటెన్నా కూడా 50 అయితే పేచీ లేదు. కాకపోతే, పైకెళ్లిన శక్తిలో కొంత వెనక్కి తిరుగుతుంది.

బట్టలారేసే తాడు ఒక కొసను గోడకు కట్టి, రెండో కొస పట్టుకుని ఊపి చూడండి. అల వెళ్లి గోడను తాకి వెనక్కొస్తుంది. వెళ్లే అల, వచ్చే అల కలిసి తాడు కొన్నిచోట్ల ఎగిరెగిరిపడుతుంది, కొన్నిచోట్ల కదలనే కదలదు. కేబుల్లోనూ అంతే. కొన్నిచోట్ల వోల్టేజి ఎక్కువ, కరెంటు తక్కువ. అక్కడ ఇంపెడెన్స్ ఎక్కువగా కనిపిస్తుంది. ఇంకొన్నిచోట్ల అంతా తలకిందులు. అందుకే కేబుల్‌ను ఎక్కడ కోసి రేడియోకి తగిలిస్తామన్నది లెక్కలోకి వస్తుంది.

నూరు... పాతిక...
ఉదాహరణకు 14.2 మెగాహెర్ట్జ్‌కు తరంగం పొడవు సుమారు 21 మీటర్లు. అంత తీగను చతురస్రంగా కడితే వచ్చే లూప్ యాంటెన్నా ఇంపెడెన్స్ వంద ఓమ్‌లకు అటూఇటుగా ఉంటుంది. ఆర్‌జీ-58 లాంటి కేబుల్లో తరంగం వేగం గాలిలో వేగంలో 66 శాతమే. కాబట్టి కేబుల్లో సగం తరంగమంటే దాదాపు 7 మీటర్లు, పావు తరంగమంటే 3.5 మీటర్లు.

కేబుల్ 7 మీటర్లుంటే రేడియోకి కనిపించేది అదే వంద. 3.5 మీటర్లకు కోస్తే పాతిక! ‘భలే మారిందే’ అనుకుంటాం. కానీ మీటరు చూపించే ఎస్‌డబ్ల్యూఆర్ మాత్రం రెండు చోట్లా రెండే. యాభైకి వంద రెట్టింపు, పాతికకు యాభై రెట్టింపు. కోత వల్ల రేడియో చూసే అంకె మారింది గానీ, కేబుల్‌కీ యాంటెన్నాకీ మధ్య పొత్తు కుదరలేదు. కాకపోతే సెట్టులోని ట్యూనర్‌కు కొన్ని పొడవులు తేలిగ్గా లొంగుతాయి. కత్తెర వైద్యానికి పేరొచ్చింది అందుకే.

కేబుల్ పొడవు మారిస్తే ఎస్‌డబ్ల్యూఆరే బాగా మారిపోతోందా? సంతోషించకండి. కేబుల్ పైఅల్లిక కూడా యాంటెన్నాలా ప్రసారం చేస్తోందేమో అనుమానించండి. యాంటెన్నా దగ్గర కేబుల్‌ను కొన్ని చుట్లు చుట్టి కట్టడమో, ఫెరైట్ పూసలు తొడగడమో దీనికి మందు.

మీటరు కూడా మోసపోతుంది
పొడవాటి కేబుల్‌తో ఇంకో ప్రమాదముంది. 145 మెగాహెర్ట్జ్ దగ్గర సన్నని ఆర్‌జీ-58 కేబుల్ 30 మీటర్లు వేస్తే పైకి చేరేది దాదాపు మూడో వంతే. 45 వాట్లు పంపితే 15 చేరతాయి. పైన గాలికి యాంటెన్నా ఊడిపోయిందనుకోండి. ఆ పదిహేనూ వెనక్కి తిరిగి, దారిలో మళ్లీ కరిగి కిందికి వచ్చేసరికి అయిదు. 45కి 5 తిరిగొస్తే ఎస్‌డబ్ల్యూఆర్ రెండు. యాంటెన్నానే లేకపోయినా మీటరు ‘ఫర్వాలేదు’ అంటుంది! మిగిలిందంతా కేబుల్ వేడెక్కడానికే సరి.

పొడవే పనికొచ్చే చోటు
అలాగని పొడవును శత్రువనుకోకండి. అదే లూప్‌కీ, 50 ఓమ్‌ల కేబుల్‌కీ మధ్య సరిగ్గా పావు తరంగం పొడవున 75 ఓమ్‌ల కేబుల్ ముక్క, అంటే టీవీలకు వాడే రకం, కలిపి చూడండి. 75ని 75తో గుణించి వందతో భాగిస్తే 56. యాభైకి అది దగ్గరే, ఎస్‌డబ్ల్యూఆర్ 1.1కి దిగుతుంది. అయితే ఆ కేబుల్లో తరంగం వేగమెంతో తెలుసుకుని, దాన్నిబట్టి ముక్క కోయాలి. ఇక్కడా కోసేది కేబుల్నే... కానీ లెక్క చూసుకుని!

కాబట్టి మీ ఇంట్లో హామ్ ఉంటే ఓ మాట చెప్పండి. మీటరు గొణిగితే ముందు మేడెక్కి కొలవాలి. దిద్దాల్సింది యాంటెన్నాని. కేబుల్ అవసరమైనంత పొడవుంటే చాలు, మంచి రకమైతే మరీ మేలు. తుపాన్లు మన తీరానికి కొత్త కాదు. ఫోన్లు మూగబోయిన రాత్రి, గదిలో మీటరు ఏం చూపించిందని ఎవరూ అడగరు. మాట చేరిందా లేదా అన్నదే లెక్క.