తన కథకు తానే సాక్షి

ఏకపాత్రాభినయము మన పాఠకులకు చిరపరిచితము. నటుడు దుర్యోధనుడో, మఱియొకడో అయి రంగమున ఒంటరిగా నిలుచును. కాని తన జీవితమునే పాత్రగా గ్రహించి నిలిచినచో నేమగును? ఆ జీవితము తెరకెక్కినచో అది యెవరి కథ యగును? ఆంగ్లేయుడైన క్వెంటిన్ క్రిస్ప్ ఉదంతమున ఈ ప్రశ్నలను పరిశీలింతము.

క్రిస్ప్ 1908లో సరీ మండలమున జన్మించెను. పురుషునే ప్రేమించు పురుషుడనన్న సంగతి దాచక, జుట్టునకు ఎఱ్ఱరంగు వేసి, పెదవులకు రంగు దిద్దుకొని, 1930 ప్రాంతమున లండను వీధులలో తిరిగెను. పలుమార్లు దెబ్బలు తినెను. అట్టి సంబంధము నాడచట నేరము. 1967లో గాని ఇరువదియొక్క యేండ్లు నిండినవారి ఏకాంత జీవితమును చట్టము విడిచిపెట్టలేదు. చిత్రకళాశాలలలో విద్యార్థులు చూచి గీయుటకు నగ్నముగా నిలుచుట ఆతని జీవనోపాధి. జీతము ప్రభుత్వ ధనము. కావుననే ఆతని ఆత్మకథకు ‘దిగంబర ప్రభుత్వోద్యోగి’ అని అర్థము వచ్చు పేరు కలిగినది.

రేడియో శ్రోతలు గమనింపదగిన విషయ మొకటి కలదు. 1964లో బి.బి.సి. ప్రసారము చేసిన ఆతని సంభాషణను విని, ఒక ప్రచురణ సంస్థ అధిపతి ఆ గ్రంథము వ్రాయించెను. రూపమును చూచి వీధి కొట్టిన మనిషి మాటను, రూపము కానరాని సాధనమే పదిమందికి చేర్చినది. గ్రంథము 1968లో వెలువడెను.

1975లో అది టెలివిజన్ చిత్రమైనది. క్రిస్ప్ పాత్రను జాన్ హర్ట్ ధరించెను. ఆ వేషముతో నటజీవితము చెడునని పలువురు వారించినను ఆతడు వినలేదు. బ్రిటిష్ అకాడమీ ఉత్తమ నటుని బహుమతి పొందెను. చిత్రారంభమున క్రిస్ప్ స్వయముగా కనబడి, పిదప తన స్థానమును నటునకు విడుచును.

ఆ చిత్రము తెచ్చిన ఖ్యాతితో క్రిస్ప్ ఏకవ్యక్తి ప్రదర్శనము విస్తరించి, 1978లో న్యూయార్కు చేరినది. పూర్వార్ధమున ఆతడు తన బ్రదుకును గూర్చి ప్రసంగించును. ఉత్తరార్ధమున ప్రేక్షకులు చీటీలపై వ్రాసియిచ్చిన ప్రశ్నలకు బదులిచ్చును. తెరపై బొమ్మను ప్రశ్నింపజాలము. రంగముపై మనిషిని ప్రశ్నింపవచ్చును. భేదమంతయు ఇచ్చటనే యున్నది.

1981లో న్యూయార్కున స్థిరపడిన క్రిస్ప్, 1999లో ప్రదర్శన యాత్రకై మాంచెస్టరు వచ్చి అచటనే మరణించెను. 2009లో హర్ట్ రెండవమాఱు ఆతని పాత్ర ధరించిన చిత్రము వెలువడెను. ఎయిడ్స్ వ్యాధిని క్రిస్ప్ ఒక వేలంవెఱ్ఱిగా కొట్టివేయుటయు, దానికి స్వలింగ ప్రేమికులే మనసు నొచ్చుకొనుటయు అందున్నవి. ఒకని బ్రదుకు తెరకెక్కగానే దానిని ఒక సమూహమంతటి బ్రదుకుగా ఎంచుట ప్రేక్షకులకు సులువు. క్రిస్ప్ తనకు తాను సాక్షి. ఎల్లరకును ప్రతినిధి కాడు.

ఈ కథ మనకు దూరమైనది కాదు. 1860లో ఆంగ్ల పాలకులు చేసిన శిక్షాస్మృతియందలి 377వ సెక్షను, వయోజనులు ఇష్టపూర్వకముగా సాగించు ఇట్టి సంబంధమునకు వర్తింపదని మన సుప్రీంకోర్టు తీర్పిచ్చినది 2018లో మాత్రమే. కావున ఇట్టివారు మన యిండ్లలోను చిరకాలము మౌనముగా నుండిరి. వారి కథను తెరపై మఱియొకరు చెప్పువఱకు వేచియుండక, వారి నోటనే వినుట మేలని మా మనవి.