తావీజు కన్నా ముందు వైద్యం

ఒకరోజు ఇషా నమాజు తరువాత ఒక తండ్రి నా వద్దకు వచ్చాడు. "మౌలానా సాబ్, మా అబ్బాయి మూడు రాత్రులుగా కన్ను మూయలేదు. ఎవరో తనను వెంబడిస్తున్నారంటాడు. అన్నం ముట్టడు. జిన్ను సోకిందేమో, తావీజు రాసివ్వండి" అని వేడుకున్నాడు. ముందు ఆసుపత్రికి తీసుకువెళ్లమన్నాను. ఆ అబ్బాయి మెథాంఫెటమిన్‌కు అలవాటుపడ్డాడని అక్కడ తేలింది.

మత్తు అనగానే తూలే నడక, తడబడే మాట మనకు గుర్తుకొస్తాయి. మెథాంఫెటమిన్, కొకైన్, ఎండీఎంఏ వంటి ఉత్తేజక మాదకద్రవ్యాల తీరు వేరు. వీటిని సేవించినవారు అతి చురుకుగా, ఆపకుండా మాట్లాడుతూ కనిపిస్తారు. కనుపాపలు పెద్దవవుతాయి. గుండె వేగం పెరుగుతుంది. నిద్ర, ఆకలి ఉండవు. మత్తు దిగాక రోజంతా మొద్దునిద్రలో పడి ఉంటారు. క్రమంగా బరువు తగ్గి, అనుమానం, కోపం పెరుగుతాయి.

ఛాతీనొప్పి, మూర్ఛ, ఒళ్లు కాలిపోయేంత వేడి, స్పృహ తప్పడం ప్రాణాపాయ సూచనలు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఈలోగా రోగితో వాదించరాదు, కొట్టరాదు, కట్టివేయరాదు. చల్లని, నిశ్శబ్దమైన చోట ఉంచి, ఒళ్లు వేడిగా ఉంటే తడిగుడ్డతో తుడవాలి. మూర్ఛ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టరాదు. ఏం తీసుకున్నాడో వైద్యునికి దాచకుండా చెప్పాలి.

ఈ వ్యసనాన్ని మాన్పే ప్రత్యేకమైన మందు ఇంతవరకు లేదు. కౌన్సెలింగ్, ప్రవర్తనా చికిత్స, కుటుంబం ఓర్పు నెలల తరబడి అవసరం. మానిన తొలి వారాల్లో తీవ్ర నిరాశ, ఆత్మహత్య ఆలోచనలు కలగవచ్చు; అప్పుడు ఒంటరిగా వదలరాదు. ఒకసారి మళ్లీ జారితే చికిత్స వృథా అయిందని భావించరాదు. 14446 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి సలహా పొందవచ్చు. కేసు భయంతో వెనుకాడేవారు ఒక విషయం తెలుసుకోవాలి. మత్తు సేవించినందుకో, కొద్ది మోతాదు దగ్గర ఉన్నందుకో కేసు ఎదుర్కొనే వ్యసనపరులు స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్స చేయించుకుంటే, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఏ సెక్షన్ వారికి విచారణ నుండి రక్షణ కల్పిస్తోంది.

దివ్యఖుర్ఆన్ మత్తును నిషేధించింది. దైవప్రవక్త (స) వ్యాధికి చికిత్స చేయించుకోమన్నారు. మొదటిది పిల్లలకు బోధించి, రెండవదాన్ని పరువు పేరిట మరుగుపరచడం ధర్మం కాదు. బిడ్డ కోసం దుఆ తప్పక చేద్దాం. ఆసుపత్రికి తీసుకువెళ్తూ చేద్దాం.