స్లాబు పోసే ముందు

అయిజ చుట్టుపక్కల పత్తి విత్తనం డబ్బు చేతికి వచ్చిందంటే చాలా ఇళ్ళలో మొదట వచ్చే మాట, పాత మట్టి మిద్దె విప్పి స్లాబు ఇల్లు కట్టుకుందామని. అందులో తప్పేమీ లేదు. 2021 అక్టోబరులో ఇదే అయిజ మండలం కొత్తపల్లిలో వానకు నానిన గోడ కూలి ఒకే కుటుంబంలో ఐదుగురు చనిపోయారు. వారిలో పిల్లలు కూడా ఉన్నారు. ఆ వార్త విన్నాక వాన రాత్రి మట్టిగోడ పక్కన పడుకోవడానికి ఎవరి మనసు ఒప్పుకుంటుంది?

అయితే సిమెంటూ ఇనుమూ వాడినంత మాత్రాన ఇల్లు గట్టిదైపోదు. 2001 జనవరి 26న గుజరాత్‌లో భూకంపం వచ్చినప్పుడు, కచ్‌కు రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాదులో కాంక్రీటు మేడలు కూలాయి. మన నడిగడ్డకు భూకంప భయం తక్కువే. ఇక్కడ ఇంటికి చెరుపు చేసేవి నేల, నీళ్ళు, తొందర.

ముందుగా నేల. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దానితోపాటు పైనున్న గోడా లేస్తుంది, దిగుతుంది. మూడడుగులు చాలని మేస్త్రి అన్నా సరే, నెర్రెలు దిగే లోతు దాటి గట్టి మొరం తగిలేదాకా గుంత తవ్వించాలి. తవ్విన రేగడినే తిరిగి గుంతలో పోయకుండా మొరం తెప్పించి దిమ్మిస వేయించాలి. పిల్లర్లన్నిటినీ కలిపే ప్లింత్ బీమును ఖర్చని మానరాదు.

ఇక మా ఇంటి సంగతి. మేము కట్టుకున్న నాడు కవరు బిళ్ళలనేవి ఉంటాయని కూడా మాకు తెలియదు. రాడ్లను సెంట్రింగు రేకుల మీదే పరిచారు. అవి వరుసగా మెరుస్తుంటే చూసి మురిసిపోయాము కూడా! పన్నెండేళ్ళకు వంటింటి పైకప్పులో తుప్పు చారలు కనబడ్డాయి. ఒకనాడు పళ్ళెమంత పెచ్చు ఊడి పొయ్యి పక్కన పడింది. ఆ క్షణాన అక్కడ ఎవరూ లేకపోవడం దేవుని దయ. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును తోసేస్తుంది. అందుకే రాడ్డు చుట్టూ కాంక్రీటు మందం ఉండాలి. సాధారణంగా ఇది స్లాబుకు 20 మిల్లీమీటర్లు, బీముకు 25, పిల్లరుకు 40, పునాది ఫుటింగుకు 50. పైన చేసే ప్లాస్టరింగు ఈ లెక్కలోకి రాదు. ఇటుక ముక్కలూ రాతి పెచ్చులూ పెట్టి సరిపెట్టవద్దు. అదే పాళ్ళ సిమెంటుతో బిళ్ళలు ముందే పోయించి నీళ్ళలో నానబెట్టుకోవచ్చు. పిల్లలు కూడా చేయగల పని అది.

సజ్జలూ బాల్కనీల దగ్గర జరిగే పొరపాటు ఇంతకంటె ప్రమాదం. ఒక జొన్న దంటును రెండు రాళ్ళ మీద పెట్టి మధ్యలో నొక్కండి, అడుగు వైపు చిట్లుతుంది. అదే దంటు ఒక కొనను గోడలో బిగించి రెండో కొనను నొక్కితే పైవైపు చిట్లుతుంది. ఇనుము ఉండవలసింది చిట్లే వైపు. కనుక గదుల మీది స్లాబుకు నడుమ భాగంలో రాడ్లు అడుగున, బయటికి పొడుచుకు వచ్చిన సజ్జకు పైన ఉండాలి. సజ్జ ఎంత బయటికి వస్తే దానికి ఒకటిన్నర రెట్లయినా ఆ రాడ్లు లోపలి స్లాబులోకి పోవాలి. సరిగా కట్టినా, కాంక్రీటు మోసేవారు తొక్కి వాటిని కిందికి దించేస్తారు. రాడ్ల కింద ఇనుప కుర్చీలు పెట్టించి, నడవడానికి పలకలు వేయించండి. కొత్త ఇంటికి పిట్టగోడ కట్టాలనే ఆజ్ఞ ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఉన్న సంగతి మీకు తెలుసు. ఆ గోడ బాల్కనీ కొసన వచ్చేదైతే దాని బరువును ఇంజనీరుకు ముందే చెప్పాలి.

కాంక్రీటు పప్పుచారులా పారుతుంటే పని సులువని కూలీలు నీళ్ళు గుమ్మరిస్తారు. 50 కిలోల బస్తాకు సుమారు 27 లీటర్లు దాటరాదు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తక్కువ. ఎక్కువైన నీళ్ళు ఆవిరైపోయి ఆ చోట సన్నని రంధ్రాలు మిగులుతాయి. మూలలకు చేరాలంటే వైబ్రేటరు పెట్టించండి, నీళ్ళు కాదు.

స్లాబు రోజున పాస్టరుగారు ప్రార్థన చేస్తారు, కూలీలకు మాంసం భోజనం పెడతాము. మరి ఆ తరువాతి పద్నాలుగు రోజులు ఎవరు చూస్తారు? మన దగ్గర స్లాబులు ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లోనే పడతాయి. ఆ ఎండకు మర్నాటి నుండే మడులు కట్టి నీళ్ళు నిలపాలి. పిల్లర్లకు గోనెపట్టాలు చుట్టి తడపాలి. ఇక సెంట్రింగు కిరాయి పెరుగుతుందని గుంజలు ముందే లాగేస్తారు. పదిహేనడుగుల లోపు స్లాబుకు 7 రోజులైనా, అంతకు మించినదానికి 14 రోజులైనా, బీముల కింద 14 రోజులైనా గుంజలు కదలరాదు. ఇరవై అడుగులు దాటిన బీముకు 21 రోజులు. వీలైతే ఇంకొన్ని రోజులు ఉంచండి. ఆ కిరాయి మిగుల్చుకుని ఎవరూ బాగుపడలేదు.

2024లో తెలంగాణలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళ పథకంలో 5 లక్షల రూపాయలు దశలవారీగా వస్తాయి. తరువాతి విడత కోసం తొందరపడి తడపకుండానే పై పని మొదలుపెట్టవద్దు. నాలుగు వందల అడుగుల ఇంటికి ఇంజనీరెందుకని అనుకోకండి. రాడ్లు కట్టడం అయ్యాక, కాంక్రీటు పడకముందు, ఒక్క పూట ఆయన వచ్చి చూస్తే చాలు. ఒకసారి పోశాక లోపల ఏముందో ఎవరికీ కనబడదు.

పైన ఇంకో అంతస్తు వేద్దామని పిల్లర్ల రాడ్లు ఆకాశంలోకి వదిలేసిన ఇళ్ళు అయిజ వీధుల్లో ఎన్నో. అవి ఏళ్ళ తరబడి తడిసి తుప్పు పట్టి, ఆ తుప్పు పిల్లరు లోపలికే దిగుతుంది. ఈ వానాకాలం రాకముందే వాటిని బాగా గీకి, సిమెంటు పాలు పూసి, బలహీనమైన కాంక్రీటుతో కప్పేయండి. అబ్బాయి పెండ్లినాటికి పగలగొట్టుకోవచ్చు.