నలువదియెనిమిది మలుపులు

ఇటలీ ఉత్తరపుటంచున, ఆల్ప్స్ పర్వతములలోని స్టెల్వియో కనుమ యెత్తు 2757 మీటర్లు. లొంబార్డీని టిరోలుతో కలుపుటకై ఆస్ట్రియా సామ్రాజ్యము తలపెట్టగా, కార్లో దోనెగాని యను ఇంజనీరు 1820-25 నడుమ ఈ బాట నిర్మించెను. గుఱ్ఱపుబండ్ల కాలమునాటి ఆ బాటపైననే నేడు మోటారులు నడచుచున్నవి. ప్రాతో గ్రామమువైపు కొండవాలున 48 మలుపులు. ప్రతి మలుపునకు ఒక అంకె.

ఎక్కుటలో పరీక్ష ఇంజనుకు, దిగుటలో చోదకునికి. ఎడతెగక త్రొక్కినచో బ్రేకు రాపిడికి వేడెక్కి, దాని పట్టు సడలును. కావున అనుభవజ్ఞుడు వాలు మొదలగునపుడే తక్కువ గేరునకు మార్చి, ఇంజను చేతనే బండి వేగమును అదుపు చేయును. బ్రేకును మలుపులకై దాచుకొనును. ఇరుకు చోట ఎక్కివచ్చు బండికి దారి విడుచును.

క్షేమముగా దిగినవానికే కొండ యెక్కిన ఫలము దక్కును.