కొండపత్తికి చేప దువ్వెన

వాలుగ చేప దవడ. ఎండి పసుపెక్కిన ఎముక, దాని మీద కంటికి ఆనీ ఆననంత సన్నని పళ్లు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో నూలు వడికే ఆడవాళ్లు పత్తిని దీనితోనే దువ్వుతారు. గింజ ఇంకా దూదిలో ఉండగానే, చంటిపిల్ల తల దువ్వినంత నెమ్మదిగా దువ్వుతారు. నలకలు, ఆకు తునకలు రాలిపోతాయి. ముడుచుకున్న పోగులన్నీ ఒకే వైపుకి తిరిగి నిగనిగలాడతాయి.

ఆ ఎముక అక్కడికి రావడానికి కారణం పత్తే. పొందూరు సన్న ఖాదీకి వాడే కొండపత్తి పొట్టి పింజది, మన నేలలో పుట్టిన దేశవాళీ రకం. సన్న నూలు కావాలంటే పొడుగు పింజే ఉండాలంటుంది మిల్లు. ఇక్కడి పట్టుసాలి కులపు ఆడవాళ్లు పొట్టి పింజతోనే 100 కౌంటు నూలు తీస్తున్నారు. కౌంటు అంటే వస్త్రాల దుకాణంలో వినిపించే మాటే గానీ, దాన్ని ఒకసారి కొలిచి చూడాలి. 100 కౌంటు నూలు ఒక్క గ్రాము తీసుకుంటే సుమారు 169 మీటర్ల పొడవు సాగుతుంది. ఏ మిల్లు మర సాయమూ లేకుండా, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య స్పర్శతోనే అంత సన్నదనం వస్తోంది.

దువ్విన పత్తిని పలక మీద పెట్టి సన్నటి ఇనుప కడ్డీ దొర్లిస్తే గింజ పక్కకి జారిపోతుంది. దూదిని వింటినారితో ఏకి, పొగమంచులా తేలిపోయే దశకి తెచ్చి, ఏకులుగా చుడతారు. ఆ ఏకును ఎండిన అరటి డొప్పలో దాచుకుని వడుకుతారు. చెమట తగలకూడదు, దుమ్ము పడకూడదు, వేళ్ల ఒత్తిడికి నలగకూడదు. ఆ పనికి అరటి డొప్పను మించిన ఒర నాకు తోచడం లేదు. గాంధీజీ 1921లోనే ఈ బట్టను గమనించి, అది ఎలా తయారవుతుందో చూసి రమ్మని కొడుకు దేవదాస్‌ను పొందూరు పంపారు. 1949లో ఇక్కడ సన్న ఖాదీ కార్మికుల సంఘం ఏర్పడింది.

నేతగాళ్లను ఆదుకోవాలని మనం తరచూ మాట్లాడతాం. మగ్గం ఇస్తాం, షెడ్డు కడతాం, నూలు మీద రాయితీ ఇస్తాం. విత్తనం గురించి మాత్రం అడగం. చేప దవడ, అరటి డొప్ప, కదురు, గుంటమగ్గం అన్నీ ఆ పొట్టి పింజకు అలవాటు పడినవి. ఆ పత్తి చేను లేకపోతే వీటిలో ఒక్కటీ తన పని తాను చేయలేదు.

మరకు సరిపోయే పత్తినే రైతు పండించాలన్న నియమం మన పల్లెల్లో పుట్టింది కాదు. ఓడల్లో ఇంగ్లండు మిల్లులకు పంపడానికి దూదిని ఆవిరి ప్రెస్సుల్లో నొక్కి బేళ్లు కట్టారు. ఓడలో చోటు కలిసొచ్చింది, దూదికి ఉన్న పొంగు పోయింది. మిల్లులకు పొడుగు పింజ కావాల్సి రావడంతో అమెరికా రకాలు చేలల్లోకి వచ్చాయి. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక దేశవాళీ విత్తనం ఇంకా మూలకు పోయింది. వానను నమ్ముకుని, లోతుకు వేళ్లు దించి, రసం పీల్చే పురుగులను తట్టుకునే మొక్కను అలా పక్కన పెట్టేశాం. బేలు కట్టకుండా, దగ్గరి పత్తిని దగ్గరే వడికితే ఏమవుతుందన్న ప్రశ్నలోంచే హైదరాబాద్‌లో ఉజ్రమ్మ గారి చొరవతో మల్ఖా బట్ట వచ్చింది. మల్‌మల్, ఖాదీ అన్న మాటలు కలిపిన పేరది. ఆ బట్టకు వేసేవి కూడా ఎక్కువగా ఆకులూ బెరళ్లూ ఇచ్చే రంగులే.

రంగు దగ్గర కాస్త ఆగాలి. నీలి కుండలో ముంచిన నూలు బయటికి తీసినప్పుడు నీలంగా ఉండదు, పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. గాలి సోకాక, చూస్తుండగానే, ముందు అంచుల్లో తర్వాత లోపలి మడతల్లో నీలమవుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఆ కుండ ప్రాణమున్నదే. పులియడం చెడితే రంగు పట్టదు, అందుకే అద్దకందారు పొద్దున్నే వాసన చూసి, నురగ చూసి దాని ఆరోగ్యం తెలుసుకుంటాడు.

ఎరుపు కథ వేరు. అది నూలుకు ఊరికే అంటుకోదు. కరక్కాయ నీళ్లలో నానబెట్టి, పటిక పట్టించి, అప్పుడు రంగులో ఉడకబెట్టాలి. కృష్ణా తీరపు ఇసుక నేలల్లో, గుల్లల సున్నం కలిసిన మట్టిలో పెరిగిన చిరివేరు ఒకప్పుడు మచిలీపట్నం అద్దకాలకు ఆ ఎరుపునిచ్చింది. ఆ వేరులోని రంగు పదార్థం అలిజరిన్. 1869లో దాన్ని నేలబొగ్గు తారు నుంచి తీసే పద్ధతికి పేటెంట్లు వచ్చాయి. 1897లో కృత్రిమ నీలి మార్కెట్‌లోకి వచ్చింది. చిరివేరు తవ్వే చేతులకూ నీలి చేలకూ అక్కడితో పని తగ్గిపోయింది. అయినా పెడన కలంకారీలో కరక్కాయ ఉంది, బెల్లంలో తుప్పు ఇనుము నానబెట్టి తీసే నలుపు ఉంది. పుట్టపాక తేలియా రుమాలుకు నూలును నేటికీ నూనెలోనూ, ఆముదం కాయల బూడిద నీళ్లలోనూ నానబెడతారు. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది.

పొందూరులో చరఖా ముందు కూర్చున్నవాళ్లలో చాలామంది తలలు నెరిసినవాళ్లు. రోజంతా వడికితే వచ్చే కూలి కూతుళ్లను ఆ పనిలోకి రప్పించేంత లేదు, వాళ్లను తప్పుపట్టే హక్కు మనకు లేదు. పవర్‌లూం గుడ్డను ఖాదీ అని, రసాయన రంగును సహజం అని అమ్మే అంగళ్ల వల్ల నిజమైన గుడ్డ ధర మనకు ఎక్కువగా కనిపిస్తోంది. ఈసారి కొనేటప్పుడు రంగు ఏదని, నేత ఎవరిదని అడిగినట్టే, పత్తి ఏ చేలోదని కూడా అడగండి. చెప్పలేకపోతే చెప్పలేకపోయారన్న సంగతి గుర్తుపెట్టుకోండి.

కడ్డీ కింద నుంచి జారిన గింజకు పగులు ఉండదు, మొలకెత్తుతుంది. పలక పక్కన చిన్న కుప్పగా పోగవుతుంది. అది వచ్చే ఏటి చేనుకు విత్తనం.