అచ్చు, రంగు, అట్ట: చేతి కార్డుల తయారీ

చేతితో చేసే శుభాకాంక్షల కార్డులో పనులు మూడే: అట్ట మీద రంగు పూయడం, అచ్చు అద్దడం, కాగితం ముక్కో గుడ్డ పేలికో దారమో అతికించడం. ఈ మూడూ ఒకే అట్ట మీదికి వస్తే దాన్ని మిక్స్‌డ్ మీడియా అంటున్నారు. చిత్రకళలో ఈ పద్ధతికి గౌరవం తెచ్చినవారిలో పికాసో ఒకరు. 1912లో ఆయన కుర్చీ అల్లిక అచ్చయిన ఆయిల్‌క్లాత్ ముక్కను కాన్వాస్ మీద అతికించి, రంగులు వేసి, అంచు చుట్టూ తాడు బిగించారు. కార్డుల కథ అంతకంటే పాతది. లండన్‌లో హెన్రీ కోల్ 1843లో వేయించిన క్రిస్మస్ కార్డును తొలి వాణిజ్య కార్డుగా చెబుతారు. అందులో గీతలు అచ్చులో వచ్చాయి, రంగులు మాత్రం చేత్తో పూశారు. అచ్చుకూ కుంచెకూ పొత్తు అప్పటినుంచే ఉంది.

సూర్యాపేట, కోదాడ ప్రాంతంలో ఈ పని నేర్చుకునేవారు విదేశీ వీడియోలతోనే మొదలుపెట్టనక్కర్లేదు. ఆ రెండు ఊళ్ల మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి మచిలీపట్నంలో ముగుస్తుంది. ఆ పక్కనే ఉన్న పెడనలో టేకు దిమ్మలపై చెక్కిన అచ్చులతో బట్ట మీద కలంకారీ అద్దుతారు. బట్టను ముందు కరక్కాయ కషాయంలో ముంచి ఆరబెడతారు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో పులియబెట్టిన ద్రవంతో అచ్చు కొడితే, కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి నల్లగా తిరుగుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక ద్రవం అద్దుతారు. తర్వాత బట్టను రంగులో ఉడికిస్తే పటిక ఉన్నచోటే ఎరుపు పట్టుకుంటుంది. శ్రీకాళహస్తిలో కలంతో గీసేవారు కరక్కాయకు గేదె పాలు కూడా కలుపుతారు. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు.

కార్డు పనిలోని కిటుకంతా ఇందులోనే ఉంది. అద్దకానికి ముందే నేలను సిద్ధం చేయడం, రంగుకో అచ్చు పెట్టుకోవడం, ఒకటి ఆరాకే మరొకటి వేయడం. కొత్తగా చేసేవారి కార్డులు చెడేది బొమ్మ రాక కాదు, ఆరేదాకా ఆగలేక.

నేల అంటే ఇక్కడ అట్ట. నోటుపుస్తకం కాగితం తడి తగలగానే ముడుచుకుపోతుంది. చదరపు మీటరుకు 200 గ్రాములకు తగ్గని డ్రాయింగ్ షీటు వాడాలి. నీటిరంగులు ధారాళంగా వేసేవారికి 300 గ్రాములది మేలు. అంత మందం కాగితం దొరకకపోతే చెర్యాల నకాషీ చిత్రకారుల దారి ఉంది. వాళ్లు ఖాదీ గుడ్డ మీద గంజి, చింతగింజల జిగురు, తెల్ల సుద్ద కలిపి పూతమీద పూత వేసి, ఆ గట్టి నేల మీద బొమ్మలు గీస్తారు. అదే పద్ధతిలో సుద్దపొడికి జిగురు కలిపి పాత ప్యాకింగ్ అట్ట మీద రెండు పలుచని పూతలు వేస్తే, అట్ట మీది కంపెనీ అక్షరాలు మాసిపోయి రంగు పట్టే తెల్లని నేల వస్తుంది. దుకాణాల్లో గెస్సో పేరుతో డబ్బాల్లో అమ్మేది ఇలాంటి పూతే.

ఇక అచ్చులు. కోర్టు, రిజిస్ట్రేషన్ ఆఫీసు ఉన్న ప్రతి ఊళ్లో రబ్బరు స్టాంపులు చేసేవారు ఉంటారు. ఆఫీసు ముద్రలు చేసే చేతులే పువ్వునూ పిట్టనూ చేసిపెడతాయి. నల్ల సిరాతో స్పష్టంగా గీసిన బొమ్మ ఇస్తే చాలు. అయినా సొంతంగా చెక్కుకోవడంలోనే సరదా ఎక్కువ. పెన్సిల్ గీతలు చెరిపే పెద్ద రబ్బరు ముక్క, కొత్త బ్లేడు ఉంటే పని మొదలైనట్టే. బొమ్మను పల్చటి కాగితం మీద మెత్తని పెన్సిల్‌తో గీసి, దాన్ని రబ్బరు మీద బోర్లించి గోటితో రుద్దితే గీత తిరగబడి దిగుతుంది. ఇలా చేయకుండా నేరుగా ‘శుభం’ అని చెక్కితే అద్దినప్పుడు అక్షరాలు అద్దంలో చూసినట్టు వస్తాయి. బ్లేడును గీత నుంచి బయటికి వాలుగా పెట్టి కోయాలి. లోపలికి వాలితే అంచు బలహీనపడి నాలుగు అద్దకాలకే విరుగుతుంది. అరిగిన హవాయి చెప్పు అడుగునూ, ఫోమ్ షీటునూ కత్తిరించి చెక్కముక్కకు అతికిస్తే పెద్ద అచ్చులవుతాయి. అడ్డంగా కోసిన బెండకాయ పువ్వునిస్తుంది. ఆలుగడ్డ మీద ఏ ఆకారమైనా చెక్కవచ్చు గానీ, కోసిన ముఖాన్ని గుడ్డతో తుడిచి తడి తీసేయకపోతే రంగు పలచబడుతుంది. వాకిట్లో ముగ్గు కోసం అమ్మే చిల్లుల రేకులు ఉన్నవి ఉన్నట్టే స్టెన్సిళ్లు. వాటి మీద స్పాంజితో దాదాపు పొడిగా రంగు తట్టాలి. కుంచెతో పూస్తే కిందికి కారుతుంది.

రంగుల సంగతికొస్తే, నీటిరంగును కాగితానికి పట్టి ఉంచేది తుమ్మజిగురు లాంటి బంక. అందుకే అది ఆరిన తర్వాత కూడా తడికి కరుగుతుంది. అక్రిలిక్‌లో ఉండేది ప్లాస్టిక్ బంక. ఆరితే ఇక కదలదు. ఈ ఒక్క తేడా తెలిస్తే ఏది ముందు, ఏది వెనక అన్నది దానంతటదే తేలుతుంది. అచ్చుతో రేఖలు అద్ది లోపల నీటిరంగు నింపాలనుకుంటే, ఆ అచ్చుకు అక్రిలిక్కో తడికి చెదరని సిరానో వాడాలి. మామూలు ఊదా స్టాంప్ ప్యాడుతో అద్ది పైన తడి కుంచె పెడితే ఊదా అంతా పాకుతుంది. ప్యాడు సిరానే వాడాలంటే రంగులన్నీ ఆరాక చివర్లో అద్దాలి. అక్రిలిక్ అద్దిన అచ్చును వెంటనే కడగకపోతే చెక్కిన సందుల్లో గట్టిపడిపోయి అచ్చు పనికిరాదు.

ఇక అతికించే జిగురు. మిర్యాలగూడ బియ్యం మిల్లుల ఊరు, నూకలకు కొదవలేదు. నూకల పిండిని నీళ్లలో ఉడికిస్తే కాగితాలకు మంచి జిగురవుతుంది. పుస్తకాల బైండింగ్‌లో పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం వేసే అలవాటుంది. అది విషం, పిల్లలు కూర్చునే చోట వద్దు, ఏ రోజు జిగురు ఆ రోజు కాచుకుంటే సరిపోతుంది. ఇదే జిగురుకు పోస్టర్ రంగు కలిపి తడి కాగితమంతా పూసి, పాత దువ్వెనతో అలల్లా గీస్తే చారల కాగితం తయారవుతుంది. యూరప్ బైండర్లు పుస్తకాల అట్టలకు శతాబ్దాలుగా వాడుతున్న పద్ధతి ఇది. కార్డు నేపథ్యానికి ఇంతకంటే చవకైనది, అందమైనది లేదు.

పసుపుతో మరో తమాషా. పసుపు నీళ్లు పూసి ఆరబెట్టిన కాగితం మీద సున్నపు తేటతో గీస్తే గీత ఎర్రగా తేలుతుంది; పారాణిలో జరిగేది ఇదే. పసుపు ఎండకు వెలిసిపోతుంది కాబట్టి దీన్ని కార్డు లోపలి పుటకు వాడటం మంచిది. సున్నం తేట కళ్లలో పడకుండా చూసుకోవాలి.

బొమ్మలకు వెతుకులాట అక్కర్లేదు. సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో 13వ శతాబ్దపు తొలినాళ్ల కాకతీయుల కాలం గుళ్లున్నాయి. వాటి నల్లరాతి స్తంభాల సన్నని చెక్కడం చూస్తే రేఖ ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. బ్లేడు కొత్తగా పట్టినవారికి పోచంపల్లి ఇక్కత్ నమూనాలు తేలిక, ఎందుకంటే అన్నీ తిన్నని గీతలు, మెట్లలా పేర్చిన చతురస్రాలే. ఆ చీరల పేలికలు అతికించడానికీ పనికొస్తాయి. బతుకమ్మ కార్డుకు తంగేడు రెమ్మ ఆకుల వెనకవైపు రంగు పూసి అద్దితే ఈనెలతో సహా ముద్ర పడుతుంది. పాత శుభలేఖల బంగారు రేకు బొమ్మలను కత్తిరించి వాడేవారూ ఉన్నారు. ఒక కార్డుకు ఒకటి చాలు. రెండోది పెడితే అది మళ్లీ శుభలేఖే అవుతుంది.

వరుస ఇదీ: నేల పూత, పల్చని రంగు, పెద్ద అచ్చు, అతికింపు, సన్న అచ్చు, చివరికి అక్షరాలు. అతికించాక బరువైన పుస్తకాల కింద ఒక రాత్రి ఉంచితే అట్ట వంకర పోదు. మూడింట ఒక వంతు జాగా ఖాళీగా వదిలిన కార్డే కంటికి హాయిగా ఉంటుంది. నిండా నింపిన కార్డులో ఏ అచ్చూ కనిపించదు.

టపాలో పంపే ఉద్దేశం ఉంటే కొలత ముందే చూసుకోవాలి. మన దేశంలో 1879 నుంచి నడుస్తున్న పోస్టుకార్డుకు నేటి కొలత 14 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు. అచ్చు, రంగు మాత్రమే ఉన్న కార్డును ఆ కొలతకు కోసుకోవచ్చు. గుడ్డ, దారం, పూసలు అతికించినదాన్ని కవరులో పెట్టి, పోస్టాఫీసులో తూయించి, ఆ బరువుకు తగ్గ బిళ్లలు అంటించి పంపండి.